పట్టాలు పోయాక మిగిలిన బాట: కొచ్చిన్ ఫారెస్ట్ ట్రామ్‌వే

ముందు నా పరువు తీసుకునే ఒక సంగతి చెప్పి మొదలుపెడతాను. ఒక టెస్ట్ సిరీస్‌లో వలస పాలన నాటి రైల్వేలకు, అడవులకు ఉన్న సంబంధం మీద ప్రశ్న వచ్చింది. నేను అందరూ రాసేదే రాశాను. స్లీపర్ల కోసం చెట్లు నరికారు, 1865 చట్టం, 1878 చట్టం, బ్రాండిస్, గిరిజనుల హక్కులు పోయాయి, ముగింపు. పదికి మూడున్నర మార్కులు వేసి, పక్కన ఎర్ర సిరాతో "ఇందులో ఒక్క ఊరి పేరైనా ఉందా?" అని రాశారు. రెండు రోజులు ఒళ్లు మండింది. మూడో రోజు జవాబు మళ్లీ చదువుకుంటే నిజంగానే లేదు. ఒక్క ఊరు, ఒక్క వాగు, ఒక్క మనిషి కూడా లేరు.

అప్పటినుంచి ఆ జవాబుకు సరిపోయే ఒక్క చోటు కోసం వెతికాను. దొరికిన చోటు కేరళ, తమిళనాడు సరిహద్దులో ఆనమలై కొండల్లో ఉంది. పేరు పరంబికుళం. మీలో చాలామంది దాన్ని పులుల అభయారణ్యాల జాబితాలో బట్టీ పట్టి ఉంటారు. అక్కడ అటవీ శాఖ నడిపే ట్రెక్కుల్లో ఒకటి పాత ట్రామ్‌వే బాట మీదుగా సాగుతుంది. ఒకప్పుడు దాని మీద రైలు ఇంజిన్లు నడిచాయి. ఇప్పుడు పట్టాలు లేవు, బాట మాత్రం ఉంది.

పాత రైలుదారులను నడక బాటలుగా మార్చడం అమెరికాలో పెద్ద ఉద్యమం. 1983లో అక్కడి ట్రెయిల్స్ చట్టానికి సవరణ తెచ్చి, మూతపడిన లైన్ల భూమిని ముక్కలు కాకుండా బాటలుగా కాపాడుకునే వీలు కల్పించారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. మన పాత లైన్లు రోడ్లయ్యాయి, ఆక్రమణలయ్యాయి, లేదా అడవి వాటిని మింగేసింది. పరంబికుళం మూడో రకం. అందుకే అది చరిత్ర విద్యార్థికి మంచి పాఠం, ఎందుకంటే అక్కడ ఎవరూ దాన్ని అందంగా తీర్చిదిద్దలేదు.

రాజు గారి రైలు

మ్యాపు తెరిచి చాలక్కుడి వెతకండి. త్రిస్సూరుకు దక్షిణంగా, షోరనూర్ నుంచి ఎర్నాకుళం వెళ్లే రైలుమార్గం మీద ఉంటుంది. అక్కడినుంచి తూర్పుగా చాలక్కుడి నది వెంబడి పైకి వెళ్తే అతిరప్పిళ్ళి జలపాతం, వాళచ్చాల్, పెరింగల్‌కుత్తు, ఆ పైన పరంబికుళం లోయ. ఈ ప్రాంతమంతా అప్పట్లో కొచ్చిన్ సంస్థానానిది. బ్రిటిష్ మద్రాసు ప్రెసిడెన్సీది కాదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, మనం మామూలుగా రాసే జవాబు ఇక్కడే తడబడుతుంది.

కొచ్చిన్ చిన్న సంస్థానం. దానికి ఉన్న పెద్ద ఆస్తి అడవి. టేకు, ఇరుగుడు వంటి విలువైన కలప కొండల మీద ఉంది, కొనేవాడు సముద్రం ఒడ్డున ఉన్నాడు. మధ్యలో జలపాతాలతో నిండిన నది. గోదావరి మీద మనవాళ్లు వెదురు, కలప తెప్పలు కట్టి దించినట్టు ఇక్కడ కుదరదు. అతిరప్పిళ్ళి దగ్గర పడితే దుంగ ముక్కలవుతుంది. ఏనుగులతో లాగించడం ఖర్చు, ఆలస్యం.

మహారాజు రామవర్మ కాలంలో (ఈయన్నే చరిత్రలో రాజర్షి అంటారు, 1914లో సింహాసనం వదులుకున్నాడు) రెండు రైలు పనులు జరిగాయి. మొదటిది షోరనూర్ నుంచి ఎర్నాకుళం దాకా లైను, 1902లో తెరుచుకుంది. దీనికి డబ్బు చాలక తృప్పూణిత్తుర పూర్ణత్రయీశ ఆలయంలోని బంగారు నెత్తిపట్టాలు, అంటే ఉత్సవాల్లో ఏనుగు నుదుటికి కట్టే అలంకారాలు, అమ్మించాడని కొచ్చిన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండోది మన ట్రామ్‌వే. చాలక్కుడి స్టేషన్ దగ్గర మొదలై పరంబికుళం దాకా 49.5 మైళ్లు, అంటే దాదాపు 80 కిలోమీటర్లు. మీటరు గేజి. 1907లో పనిచేయడం మొదలుపెట్టింది.

ట్రామ్‌వే అంటే కలకత్తా వీధుల్లో తిరిగే ట్రామ్ అనుకోవద్దు. అడవిలో కలప మోయడానికి వేసిన తేలికపాటి రైలుమార్గాన్ని ఆ రోజుల్లో అలా పిలిచేవారు. ఇంజిన్లు జర్మనీ నుంచి వచ్చాయి, ఓరెన్‌స్టైన్ అండ్ కొప్పెల్ అనే కంపెనీవి. బ్రిటిష్ సామ్రాజ్యం నీడలో ఉన్న ఒక సంస్థానం జర్మన్ యంత్రాలు కొనుక్కుంది. సంస్థానాలన్నీ చెప్పిందానికల్లా తలూపే బొమ్మలని రాసేముందు ఇలాంటి చిన్న వివరం ఒకటి గుర్తుచేసుకుంటే మంచిది. అలాగని కొచ్చిన్ స్వతంత్రమూ కాదు. రెసిడెంట్ ఉన్నాడు, మద్రాసు అటవీ శాఖ పద్ధతులు ఉన్నాయి, కలపకు మార్కెట్టు సామ్రాజ్యానిది. నిర్ణయం రాజుదే, కానీ ఆ నిర్ణయాన్ని లాభసాటి చేసిన ప్రపంచం మాత్రం బయటిది.

కొండ దిగే బరువే కొండ ఎక్కించే బలం

ఈ లైనులో నన్ను బాగా ఆకట్టుకున్నది దాని యంత్ర విధానం. కొండ వాలు మరీ నిటారుగా ఉన్న చోట్ల ఇంజిన్ పనికిరాదు. అక్కడ ఇన్‌క్లైన్లు వేశారు. వాలు పైన పెద్ద డ్రమ్ము, దానికి బ్రేకు, డ్రమ్ము చుట్టూ ఇనుప తాడు. తాడు ఒక కొసకు కలప నిండిన బండ్లు, రెండో కొసకు కింద ఖాళీ బండ్లు. నిండు బండ్లు వాటి బరువుతో కిందికి జారుతుంటే ఖాళీ బండ్లు పైకి వస్తాయి. బొగ్గు అక్కర్లేదు, ఆవిరి అక్కర్లేదు. మన బావి గిలక మీద రెండు బిందెలు వేసి ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎక్కినట్టే. బ్రేకు దగ్గర నిలబడ్డ మనిషి అప్రమత్తంగా ఉండాలి, అంతే.

ఇప్పుడు కొంచెం ఆగి ఆలోచించండి. ఈ యంత్రం దేని మీద ఆధారపడి పనిచేస్తుంది? ఎప్పుడూ పైనుంచి కిందికి బరువు దిగుతూ ఉండాలి. అడవి నుంచి ఊరికి ఎక్కువ రావాలి, ఊరి నుంచి అడవికి తక్కువ వెళ్లాలి. రెండు వైపులా సమానమైతే యంత్రం ఆగిపోతుంది. దాదాభాయ్ నౌరోజీ సంపద తరలింపు సిద్ధాంతం గురించి మనం ఎన్ని పేజీలు చదివామో! ఆ మాటను ఇనుప తాడుతో, డ్రమ్ముతో కట్టి చూపించినట్టు ఉంటుంది ఈ ఇన్‌క్లైన్. (పరీక్షలో ఈ పోలిక రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే ఒక్క వాక్యంలో రాస్తాను.)

పక్కనే, కొండకు అవతలి వైపు బ్రిటిష్ వాళ్ల ఆనమలై అడవి. దుంగలను కొండ అంచునుంచి జారవిడిచేవారు. ఆ జారుడు పైభాగమే నేటి టాప్‌స్లిప్. అక్కడ పనిచేసిన అటవీ అధికారి హ్యూగో వుడ్ పేరు మీరు వినే ఉంటారు. ఇష్టారాజ్యంగా నరకడం ఆపి, మోడు నుంచి మళ్లీ చిగురించేలా కొట్టే పద్ధతి తెచ్చాడు. చేతికర్రతో నేలలో గుంట చేసి టేకు గింజలు వేస్తూ నడిచేవాడని కథలు ఉన్నాయి. 1933లో చనిపోతే మౌంట్ స్టూవర్ట్ దగ్గర టేకు చెట్ల మధ్యే సమాధి చేశారు. ఆయన్ను తలుచుకోవడం బాగానే ఉంటుంది, కానీ ఆయన నాటిన దానిలో ఎక్కువ భాగం ఒకే రకం చెట్టు. దాని సంగతి తర్వాత.

జవాబులో రాయవలసిన నేపథ్యం

వేగంగా చెప్పుకుందాం, ఇది మీకు తెలిసిందే. ఒక మైలు రైలుమార్గానికి 1,760 నుంచి 2,000 దాకా స్లీపర్లు కావాలి. అవి పది పన్నెండేళ్లకు పుచ్చిపోతాయి, మళ్లీ వేయాలి. టేకు, సాల్, దేవదారు మాత్రమే మన్నుతాయి. మద్రాసులో 1856లోనే క్లెగ్‌హార్న్ తొలి అటవీ సంరక్షకుడయ్యాడు. మలబార్‌లో కలెక్టర్ కానలీ 1840లలో నీలాంబూర్‌లో టేకు తోటలు వేయించాడు, ఆ నాట్లు దగ్గరుండి చూసినవాడు చాతు మీనన్. తర్వాత 1864లో ఇంపీరియల్ అటవీ శాఖ, 1878 చట్టంతో రిజర్వు, రక్షిత, గ్రామ అడవులనే మూడు విభాగాలు, 1882లో మద్రాసు అటవీ చట్టం. సంస్థానాలకు ఈ చట్టాలు నేరుగా వర్తించకపోయినా వాటి నమూనా వెళ్లింది.

చరిత్రకారుల మధ్య వాదం కూడా తెలిసి ఉండాలి. మాధవ్ గాడ్గిల్, రామచంద్ర గుహ 1992 నాటి పుస్తకంలో వలస అటవీ విధానాన్ని ప్రధానంగా ఆదాయం, వ్యూహాత్మక అవసరాల కోణంలో చూశారు. రిచర్డ్ గ్రోవ్ మాత్రం అడవి తగ్గితే వాన తగ్గుతుందన్న భయం, వైద్యులు, వృక్షశాస్త్రజ్ఞుల ఆందోళన కూడా నిజమైనవేనని అన్నాడు. కొచ్చిన్ సంగతికి వస్తే నాకు మొదటి వాదమే ఎక్కువ సరిపోతుందనిపిస్తుంది. 80 కిలోమీటర్ల రైలుమార్గాన్ని ఎవరూ వాన భయంతో వేయరు. సెబాస్టియన్ జోసెఫ్ అనే చరిత్రకారుడు కొచ్చిన్ అడవుల మీద రాసిన పుస్తకంలో ఈ ట్రామ్‌వే ముఖ్యమైన అంశం. ఆసక్తి ఉన్నవాళ్లు వెతుక్కోండి.

కాడర్లు ఎక్కడ?

ఇప్పుడు అసలు సంగతి. ఈ రైలు దారి ఖాళీ నేల మీద వేయలేదు. ఆ లోయ కాడర్లది. కాడు అంటే అడవి, కాడర్ అంటే అడవివాళ్లు. కేరళలో అతి బలహీన గిరిజన సమూహాల జాబితాలో ఉన్న ఐదింటిలో కాడర్లు ఒకరు (మిగతావి చోళనాయకన్, కాట్టునాయకన్, కురుంబ, కొరగ, ప్రిలిమ్స్‌కి పనికొస్తుంది). వ్యవసాయం వాళ్ల పాత వృత్తి కాదు. తేనె, గుగ్గిలం, దుంపలు, నదిలో చేపలు. 1909లో ఎల్.కె. అనంతకృష్ణ అయ్యర్ కొచ్చిన్ కులాలు, తెగల మీద తెచ్చిన మొదటి సంపుటిలో వాళ్ల గురించి రాశారు. 1952లో ఎహ్రెన్‌ఫెల్స్ అనే ఆస్ట్రియన్ మానవశాస్త్రజ్ఞుడు వాళ్ల మీదే ఒక పుస్తకం తెచ్చాడు.

ఆ తేదీలు చూడండి. 1907లో రైలు. 1909లో తొలి పెద్ద వర్ణన. అంటే బయటి ప్రపంచం కాడర్ల గురించి వివరంగా చదువుకోవడం మొదలుపెట్టేసరికే వాళ్ల లోయలో ఇంజిన్ కూత వేస్తోంది. మనం "సంప్రదాయ జీవనం" అని కోట్ చేసేది చాలాసార్లు రైలు వచ్చాక చూసినదే. ఈ జాగ్రత్త ఆంత్రోపాలజీ ఆప్షనల్ వాళ్లకు మరీ ముఖ్యం.

రైలుతో పాటు కాంట్రాక్టర్లు, మైదానాల కూలీలు, దుకాణాలు, జ్వరాలు అడవిలోకి వచ్చాయి. అడవి గురించి తెలిసినవాడు కాడర్, అడవి మీద హక్కు ఉన్నది శాఖకు. తెలిసినవాడు దారి చూపే కూలీ అయ్యాడు.

మన వైపు పోలిక గుర్తొస్తుంది. అదే దశాబ్దాల్లో గూడెం, రంప ఏజెన్సీలో పోడు మీద ఆంక్షలు, ఘాట్ రోడ్ల పనికి చాలీచాలని కూలీ, బాస్టియన్ అనే అధికారి దౌర్జన్యం, ఆ తర్వాత 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో తిరుగుబాటు. రెండు చోట్లా అడవిలోకి దారి వేయడమే గొడవకు మూలం. మరి పరంబికుళంలో తిరుగుబాటు ఎందుకు రాలేదు? నా ఉద్దేశంలో, కాడర్లు చిన్న చిన్న గుంపులుగా, పెద్ద అడవిలో చెదిరి ఉండేవారు. కొండదొరలు, కోయల్లా ముఠాలు, ముఠాదార్ల వ్యవస్థ వాళ్లకు లేదు. కలబడటం కన్నా ఇంకొంచెం లోపలికి జరిగిపోవడం సులువు. తిరుగుబాటు జరగలేదు కాబట్టి మన సిలబస్‌లోకి వాళ్లు రాలేదు. ఇది మనం చదివే చరిత్రలోనే ఉన్న లోపం. తుపాకీ పేలిన చోటే "ప్రతిఘటన" అనే హెడ్డింగ్ పడుతుంది.

పిట్టల కోసం వచ్చిన మనిషి

1933లో తిరువాన్కూర్, కొచ్చిన్ సంస్థానాల్లో పక్షుల సర్వే చేయడానికి సలీం అలీ వచ్చారు. భార్య తెహ్మినా కూడా వెంట ఉన్నారు. ట్రామ్‌వే మార్గంలోని కురియార్‌కుట్టిలో బస చేశారు. ఆ సర్వే ఆధారంగానే తర్వాత 1953లో ఆ రెండు ప్రాంతాల పక్షుల మీద పుస్తకం వచ్చింది. నేడు కురియార్‌కుట్టిలో ఆయన పేరుతో పక్షుల కేంద్రం ఉంది.

నాకు ఇందులో ఒక విడ్డూరం కనిపిస్తుంది. చెట్లు దించడానికి వేసిన దారే ఆ చెట్ల మీది పక్షులను లెక్కపెట్టే మనిషిని లోపలికి తెచ్చింది. ట్రామ్‌వే లేకపోతే ఆ రోజుల్లో అంత సామానుతో అక్కడికి చేరడం ఎంత కష్టమో ఊహించండి. కాబట్టి "రైలు అడవిని నాశనం చేసింది" అన్న ఒక్క వాక్యంతో ఈ కథ పూర్తికాదు. అదే సమయంలో ఈ విడ్డూరాన్ని చూపించి రైలుకు మంచి మార్కులు వేయడం కూడా నాకు నచ్చదు. పుస్తకం ఒకటి, దిగిపోయిన దుంగలు ఎన్నో.

మూత, ఆ తర్వాత నీళ్లు

1949లో తిరువాన్కూర్, కొచ్చిన్ కలిశాయి. 1956 నవంబరు 1న కేరళ ఏర్పడింది. ట్రామ్‌వే అప్పటికే నష్టాల్లో ఉంది, లారీలు వచ్చాయి. 1963లో పూర్తిగా మూతపడింది.

ఆ లోయకు అప్పటికే ఇంకో పని పడింది, నీళ్లు. పరంబికుళం–ఆళియార్ ప్రాజెక్టు కింద చాలక్కుడి నది పై పాయల నీటిని కొండ దాటించి తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతపు పొలాలకు పంపారు. ఒప్పందం మీద 1970 మే 29న సంతకాలు జరిగాయి, కానీ 1958 నవంబరు 9 నుంచే అమల్లోకి వచ్చినట్టు రాసుకున్నారు. పరంబికుళం, తూణక్కడవు, పెరువారిపళ్ళం ఆనకట్టలు కేరళ నేల మీద ఉన్నాయి, నడిపేది తమిళనాడు. అంతర్రాష్ట్ర జలాల మీద ముల్లైపెరియార్ ఒక్కటే రాయకుండా దీన్ని కూడా రాయండి. 2022 సెప్టెంబరులో పరంబికుళం ఆనకట్ట గేటు ఒకటి ఊడిపోయి, నీళ్లు కిందికి పారి, చాలక్కుడి నది ఒడ్డు జనం అప్రమత్తం కావలసి వచ్చింది. కొండ మీద ఏది తెగినా బరువు చాలక్కుడి మీదే పడుతుంది. ఆ ఇన్‌క్లైన్ తాడు ఇంకా తెగలేదేమో అనిపిస్తుంది.

మ్యాపులో ఇంకో విషయం చూడండి. పరంబికుళం పాలక్కాడ్ జిల్లా ముతలమడ పంచాయతీలో ఉంది, అంటే కేరళే. కానీ అక్కడికి వెళ్లే రోడ్డు పొళ్ళాచి, సేతుమడై, టాప్‌స్లిప్ మీదుగా తమిళనాడులోంచి వెళ్తుంది. చాలక్కుడి వైపు దిగే దారి ట్రామ్‌వేతోనే పోయింది. లోపల కాడర్, మలసర్, ముదువర్, మలమలసర్ ఆవాసాలు ఉన్నాయి. అక్కడి మనిషి తన సొంత పంచాయతీ ఆఫీసుకు వెళ్లాలంటే పక్క రాష్ట్రం దాటి మళ్లీ సొంత రాష్ట్రంలోకి రావాలి. దుంగకు 80 కిలోమీటర్ల రైలుమార్గం వేసిన లోయ అది. మనిషికి సరైన దారి ఇప్పటికీ సమస్యే.

ఇప్పుడు ఆ బాట మీద

అడవి తిరిగి వచ్చింది అంటారు. ఏ అడవి అన్నదే ప్రశ్న. పరంబికుళంలో వేల హెక్టార్లు టేకు తోటలే, మనుషులు వరుసగా నాటినవి. వేసవిలో టేకు ఆకు రాలిపోయి నేల బోసిగా ఉంటుంది. ఎండుటాకులు నిప్పుకు సిద్ధంగా ఉంటాయి. వాటి మధ్య అక్కడక్కడ వయళ్లు, అంటే నీరు నిలిచే పచ్చిక బయళ్లు. అడవి దున్నలు మందలుగా మేసేది అక్కడే. వాగుల వెంట సతతహరిత అడవి, దానిలో సింహపు తోక కోతి, నీలగిరి లంగూర్. జలాశయాల్లో మొసళ్లు. ఈ అభయారణ్యంలో భాగమైన కరియన్ షోలా 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చిన పశ్చిమ కనుమల 39 స్థలాల్లో ఒకటి.

నరికిన లోయలో నరకకుండా మిగిలిన చెట్టు ఒకటి ఉంది. పేరు కన్నిమర టేకు. చుట్టుకొలత దాదాపు ఏడు మీటర్లు, ఐదారుగురు చేతులు చాచి పట్టుకుంటే కానీ అందదు. 1994–95లో భారత ప్రభుత్వం దానికి మహావృక్ష పురస్కారం ఇచ్చింది. గొడ్డలి పెట్టబోతే రక్తం చిమ్మిందని, అప్పటినుంచి కన్నిమర అని కొలుస్తున్నారని స్థానిక కథ. పవిత్ర వనాల మీద రాసేటప్పుడు ఈ ఉదాహరణ వాడుకోవచ్చు. నాకు మాత్రం ఆ చెట్టును చూసినప్పుడు, దానంతటి తోటి చెట్లు ఎన్ని చాలక్కుడి దిగాయో అన్న లెక్కే మెదులుతుంది.

హార్న్‌బిల్ సంగతి చెప్పకుండా ఉండలేను. చాలక్కుడి నది అడవుల్లో దక్షిణ భారతంలోని నాలుగు రకాల హార్న్‌బిల్‌లూ ఉన్నాయి. పెద్ద హార్న్‌బిల్ కేరళ రాష్ట్ర పక్షి. ఆడపక్షి పెద్ద చెట్టు తొర్రలో దూరి, తొర్ర మూతిని మట్టి, రెట్టలతో మూసేసి, ఒక సన్నని చీలిక మాత్రం ఉంచుకుంటుంది. వారాల తరబడి మగపక్షే పళ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. మగపక్షి చచ్చిపోతే లోపల కుటుంబం మొత్తం ఆకలికి గురవుతుంది. ఇంత పెద్ద తొర్ర పట్టాలంటే చెట్టు చాలా ముసలిది కావాలి. ట్రామ్‌వేకు కావలసింది కూడా సరిగ్గా అలాంటి పెద్ద చెట్లే.

ఒకప్పుడు కాడర్లు మాంసం కోసం హార్న్‌బిల్ పిల్లలను తీసేవారు. 2000ల మధ్య నుంచి వాళచ్చాల్ ప్రాంతంలో అదే కాడర్లు గూళ్లను కనిపెట్టి కాపాడే పనిలో ఉన్నారు. గూడు ఏ తొర్రలో ఉందో వాళ్లకు తరతరాలుగా తెలుసు. ఆ పరిజ్ఞానమే ఇప్పుడు పరిశోధనకు ఆధారం.

హక్కు పత్రం

పరంబికుళం 1973లో అభయారణ్యం, 2010లో పులుల రిజర్వు అయింది. మొత్తం విస్తీర్ణం 643.66 చదరపు కిలోమీటర్లు, అందులో కోర్ 390.89. మధ్యలో 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది. సెక్షన్ 3(1)(ఐ) ప్రకారం సంప్రదాయంగా కాపాడుకుంటున్న సామూహిక అటవీ వనరును రక్షించే, నిర్వహించే హక్కు సమాజానికి ఉంది. ఇది వ్యక్తిగత పట్టా కాదు. చాలామంది జవాబుల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు, నేనూ కలిపాను.

2014లో వాళచ్చాల్‌లోని తొమ్మిది కాడర్ ఆవాసాలకు ఈ సామూహిక హక్కు పత్రాలు అందాయి. దీని అసలు విలువ అతిరప్పిళ్ళి జలవిద్యుత్ ప్రాజెక్టు విషయంలో తెలుస్తుంది. 163 మెగావాట్ల ఈ ప్రతిపాదన దశాబ్దాల పాటు నడిచింది. పర్యావరణ అనుమతులు ఇవ్వడం, కోర్టు కొట్టేయడం, మళ్లీ ఇవ్వడం జరిగాయి. గాడ్గిల్ కమిటీ 2011లో వద్దంది. ఇక్కడ జాగ్రత్తగా చదవండి. పాత వాదనలు నది, జలపాతం, చేపలు, హార్న్‌బిల్ చుట్టూ తిరిగాయి. హక్కు పత్రం వచ్చాక గ్రామసభ అంగీకారం అనే కొత్త ప్రశ్న వచ్చింది. 1907లో రైలు వేసేటప్పుడు కాడర్లను ఎవరూ అడగలేదు, అడగాలన్న చట్టమూ లేదు. ఇప్పుడు అడగాల్సిన చట్టం ఉంది. నిజంగా అడుగుతారా, అడిగినా వింటారా అన్నది వేరే సంగతి.

విద్యుత్తు కావాలనే వైపు వాదన కూడా తేలిగ్గా తీసేయకండి. కేరళ చాలా విద్యుత్తు బయట కొంటుంది. ఎస్సేలో ఒక వైపు వాదనను బొమ్మలా నిలబెట్టి కొట్టేస్తే ఎగ్జామినర్‌కు వెంటనే తెలిసిపోతుంది. కానీ అదే నది మీద ఇప్పటికే ఎన్ని ఆనకట్టలు ఉన్నాయో లెక్కపెట్టి, అప్పుడు తూకం వేయండి.

మన రాష్ట్రాలకు వస్తే, అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల రిజర్వుల్లో చెంచులది దాదాపు ఇదే ప్రశ్న. వాళ్లూ అతి బలహీన సమూహమే, వాళ్లదీ తేనె, దుంపల అడవే. నల్లమలలో చలమ, బొగడ మధ్య పాత మీటరు గేజి దారిలో దొరబావి వంతెన ఉంది. కొత్త లైను వచ్చాక దాన్ని వదిలేశారు. నంద్యాల వైపు మిత్రులు ఎవరైనా ఆ దారి చరిత్ర, అక్కడి చెంచు గూడేల మాటలు సేకరించి రాస్తే చదవాలని ఉంది. కర్నూలు, నంద్యాల జిల్లాల అభ్యర్థులకు ఇంటర్వ్యూలో "మీ జిల్లా గురించి చెప్పండి" అన్నప్పుడు కోటలు, గుళ్లతో పాటు చెప్పడానికి అది ఒక మంచి విషయం కూడా.

ఇక నేను మళ్లీ రాసిన జవాబు. మొదటి పేరాలో చాలక్కుడి స్టేషన్, రెండో పేరాలో ఇన్‌క్లైన్, మూడో దానిలో కాడర్లు, నాలుగో దానిలో 1878 చట్టానికి, 2006 చట్టానికి మధ్య దూరం. బ్రాండిస్‌కు ఒకే ఒక్క వాక్యం మిగిలింది. ఈసారి ఆరు మార్కులు వచ్చాయి. ఎర్ర సిరా మాత్రం మళ్లీ ఉంది: "కాడర్ల మాట ఎక్కడ?" అని. ఇంకా దానికి జవాబు వెతుకుతున్నాను.

మీకోసం సాధన ప్రశ్న, 250 పదాలు: "సంస్థానాల అటవీ విధానాన్ని బ్రిటిష్ విధానానికి నకలుగా చూడటం ఎంతవరకు సరైనది? ఒక నిర్దిష్ట ప్రాంతం ఆధారంగా చర్చించండి." పరంబికుళం తప్ప ఇంకేదైనా ప్రాంతం తీసుకోండి. నిజాం రాజ్యంలోని ఆదిలాబాద్ అడవులు తీసుకుంటే ఇంకా మంచిది.